ప్రమోషన్ ఫైలు ఉద్యోగంలో చేరిన రోజే మొదలుపెట్టండి

నేను మెడికల్ కాలేజీలో ఫిజియాలజీ చెబుతాను. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన కొత్తలో, పాఠం బాగా చెబితే మిగతావి వాటంతటవే వస్తాయనుకున్నాను. నాలుగేళ్లు నిండాక చూసుకుంటే ఉన్న రెండు పరిశోధన పేపర్లలో ఒకటి ప్రమోషన్ లెక్కలోకి రాలేదు. అందులో రచయితల వరుసలో నా పేరు ఐదోది. అప్పుడు అమల్లో ఉన్న జాతీయ వైద్య కమిషన్ 2022 నిబంధనల్లో మొదటి ముగ్గురిలో ఉండాలని, లేదంటే కరస్పాండింగ్ ఆథర్ (పేపర్ గురించి జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయిత) అయి ఉండాలని ఉండేది. అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే అలాంటివి రెండు కావాల్సి వచ్చేవి. అందుకే పని మొదలుకాకముందే పేర్ల వరుస మాట్లాడుకోండి. సీనియర్ల దగ్గర మొహమాటపడకండి. నేను పడ్డాను, ఏడాది పోయింది.

పేపర్‌కి టాపిక్ కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు, మీ క్లాసులోనే ఉంటుంది. నేను బీపీ కొలిచే ప్రాక్టికల్ తీసుకున్నాను. ఒక బ్యాచ్‌కి ఎప్పటిలా డెమో చూపించాను. ఇంకో బ్యాచ్‌ని జతలుగా కూర్చోబెట్టి, ఒకరి తప్పు ఒకరు దిద్దుకోమన్నాను. రెండు బ్యాచ్‌లకీ ఒకే పరీక్ష పెట్టాను. పరీక్ష అయ్యాక డెమో బ్యాచ్‌కి కూడా జతల పద్ధతిలో నేర్పాను, వాళ్లకు అన్యాయం జరగకూడదు కదా. ఒక్క మాట: మనుషులపై చేసే పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దగ్గర అనుమతి క్లాసుకు ముందే తీసుకోండి. తర్వాత అడిగితే ఇబ్బందే.

ప్రమోషన్‌కి రెండు కోర్సులు కూడా తప్పనిసరి. బయోమెడికల్ రీసెర్చ్ కోర్సు ఆన్‌లైనే గానీ పరీక్ష సెంటర్‌కి వెళ్లి రాయాలి. మెడికల్ ఎడ్యుకేషన్ బేసిక్ కోర్సుకి మొదటి ఏడాదే పేరిచ్చేయండి.

విద్యార్థుల ఫీడ్‌బ్యాక్ కాగితాలు పారేయకండి, ఫైలులో పెట్టుకోండి. నేను వాటిమీద తేదీ వేసి, మరుసటి ఏడాది ఏం మార్చానో కింద రెండు వాక్యాలు రాసిపెడతాను.