ఒంటరిగా ఉపవాస ప్రార్థనకు కూర్చునేముందు

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాలు దగ్గరపడితే ఏడు, ఇరవై ఒకటి, నలభై రోజుల ఏకాంత ప్రార్థనకు చాలామంది సిద్ధమవుతారు. 2023లో కెన్యాలోని షకహోలా అడవిలో, ఆకలితో చనిపోతే యేసును చూస్తారన్న ఒక బోధకుడి మాట నమ్మినవారి సమాధులు తవ్వితే 400కు పైగా శవాలు బయటపడ్డాయి. బడి వద్దు, ఆసుపత్రి వద్దు అని వాళ్లను ముందే లోకానికి దూరం చేశాడు.

ఫోను ఆపమని, బైబిలు మరవొద్దని మీకు చెప్పనక్కర్లేదు. మనుషుల్ని ముంచేది ఒక్కటే: ఎవరికీ చెప్పకుండా వెళ్లడం. మత్తయి 6వ అధ్యాయం చూపించి "దేవుడికి తెలిస్తే చాలు" అంటారు. ఆ మాట నలుగురి మెప్పు కోసం ఉపవాసం చేసేవారికి చెప్పింది. ఇంట్లోవాళ్ల దగ్గర దాచమని అందులో లేదు.

ఐగుప్తు ఎడారిలో హెరోన్ అనే సన్యాసి 50 ఏళ్లు కఠోరంగా బతికాడని, పాతకాలపు క్రైస్తవ సన్యాసి, రచయిత కాసియన్ రాశాడు. పస్కా పండుగనాడు కూడా సహోదరులతో కలిసి తినేవాడు కాదట. చివరికి సాతానును దేవదూత అనుకుని, ఆ మాట మీద లోతైన బావిలో దూకాడు. మూడో రోజున చనిపోయాడు. ఉపవాసం తక్కువై కాదు, పెద్దల సలహా వినక. మఠవాసులు ఎలా బతకాలో చెప్పే బెనెడిక్ట్ నియమావళిలో కూడా ఒంటరి జీవితం కొత్తవారికి కాదు, మఠంలో ఏళ్ల తరబడి నలిగినవారికే.

ఇక శరీరం సంగతి. షుగరు మాత్ర వేసుకుని తినకపోతే షుగరు పడిపోవచ్చు, మాత్ర మానేస్తే పెరగవచ్చు. డాక్టరుని అడగందే మొదలుపెట్టొద్దు. నీళ్లు మానొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఉపవాసం ఉండొద్దు. ఐదు రోజులు దాటిన ఉపవాసాన్ని బిర్యానీతో విడవొద్దు. ఒక్కసారిగా తింటే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. పలచని గంజి కొద్దికొద్దిగా, అదీ డాక్టరుకి చెప్పి.

ఎవరికైనా చెప్పి వెళ్లండి. తిరిగొచ్చే తేదీ కాగితం మీద రాసివ్వండి. లోపల గడియ పెట్టొద్దు. రోజూ ఒకే వేళకు ఒకరు పలకరించాలి, జవాబు రాకపోతే లోపలికి రావాలి. రాత్రి నిద్రపోండి. అలసి చావు కోరుకున్న ఏలీయాకు దూత ముందు ఇచ్చింది కాల్చిన రొట్టె, నీళ్లు, అదీ రెండుసార్లు. అప్పులవాళ్లకు భయపడి వెళ్లొద్దు. ఆలుమగల గొడవ మధ్యలో వెళ్లొద్దు. చనిపోవాలనిపిస్తుంటే అసలే వెళ్లొద్దు, ఆసుపత్రికి వెళ్లండి. దర్శనం వచ్చిందని మందులు మానొద్దు, ఉద్యోగం వదలొద్దు, పొలం అమ్మొద్దు. బయటికొచ్చి, తిని, నిద్రపోయి, మీ పాస్టరుగారితో, ఇంట్లోవాళ్లతో చెప్పాకే ఏదైనా. మళ్లీ చెబుతున్నాం, చెప్పి వెళ్లండి. "ఇంట్లో చెప్పకు, అడ్డుపడతారు" అని ఏ అయ్యగారైనా అంటే ఆ ప్రార్థనా కొండ ఎక్కనే ఎక్కొద్దు.