ఇంగ్లాండ్‌లోని బెల్‌ఫ్రీలో బ్రబజోన్ గోల్ఫ్ కోర్సు ఆడబోతున్నారా? మామూలుగా క్యాడీ ఉండడని గుర్తుపెట్టుకోండి

హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్‌లోనో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లోనో ఆట నేర్చుకున్నవాళ్లకి ఇంగ్లాండ్‌లో పెద్ద కోర్సు అనగానే నీళ్ల గురించీ, రఫ్ (పొడుగ్గా పెరగనిచ్చిన గడ్డి) గురించీ టెన్షన్ పట్టుకుంటుంది. నన్నడిగితే అసలు చిక్కు వేరే. మన దగ్గర బ్యాగు మోసే క్యాడీ ఉంటాడు. బంతి ఏ పొదలో పడిందో చూసేది అతను, గ్రీన్ (రంధ్రం, జెండా ఉండే నున్నటి గడ్డి) ఎటు వాలిందో చెప్పేది అతను, "సార్, సెవెన్ ఐరన్" అని బ్యాగులోంచి తగిన క్లబ్ (కొట్టే కర్ర) తీసి చేతిలో పెట్టేది కూడా అతనే. బెల్‌ఫ్రీలో ఆ పనులన్నీ మీవే. అందుకే వెళ్లేముందు డ్రైవర్ (అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్) ఒక్కటే ప్రాక్టీస్ చేసుకుంటూ కూర్చోకుండా, మీ సొంత కోర్సులో ఓ రెండు మూడుసార్లు క్యాడీని ఏమీ అడగకుండా ఆడి చూడండి, మన సొంత తెలివి ఎంతో అప్పుడు తెలుస్తుంది.

బెల్‌ఫ్రీ ఉన్నది బర్మింగ్‌హామ్ ఊరి బయట, విషా అనే పల్లె దగ్గర. అక్కడ మూడు కోర్సులున్నాయి: బ్రబజోన్, పీజీఏ నేషనల్, డెర్బీ. పేరున్నది బ్రబజోన్. ఒకప్పటి బంగాళదుంప పొలాల్లో పీటర్ ఆలిస్, డేవ్ థామస్ గీసిన ఈ కోర్సు 1977లో మొదలైంది. 1985, 1989, 1993, 2002లో నాలుగుసార్లు, యూరప్, అమెరికా జట్లు తలపడే రైడర్ కప్ ఇక్కడే జరిగింది. చెట్లు, చెరువులు, మెత్తటి పచ్చగడ్డి ఉన్న పార్క్‌లాండ్ కోర్సు, సముద్రం ఒడ్డున ఇసుక నేల మీద ఉండే లింక్స్ లాంటిది కాదు. అన్నిటికన్నా మంచి విషయం, ఇది రిసార్ట్. మెంబర్ ఎవరో సిఫార్సు చేయాల్సిన పని లేదు, డబ్బు కట్టి టీ టైమ్ (ఆట మొదలుపెట్టే సమయం) తీసుకుంటే ఎవరైనా ఆడొచ్చు.

ఫీజు మాత్రం తక్కువేం కాదు. సీజన్‌ని బట్టి, వారంలో రోజుని బట్టి మారుతూ ఉంటుంది కాబట్టి అంకె చెప్పను. అక్కడి హోటల్లోనే దిగేట్టయితే గది, ఆట కలిపి ఇచ్చే ప్యాకేజీ ధర కూడా చూసి, విడివిడిగా ఎంతవుతుందో లెక్కేసుకోండి. బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఆ వారంలో గ్రీన్లకి రంధ్రాలు పొడిచే పని ఉందా? ఉంటే పుట్టింగ్ (గ్రీన్ మీద బంతిని రంధ్రంలోకి దొర్లించడం) అంతా గతుకుల రోడ్డే, అంత డబ్బు పెట్టి ఆ అవస్థ ఎందుకు. రెండోది, టోర్నమెంట్ ఏమైనా ఉందా? బ్రిటిష్ మాస్టర్స్ 2021 నుంచి ఇక్కడ జరుగుతోంది, అలాంటి వారం దగ్గరపడితే మీకు దొరికే టైములు తగ్గిపోతాయి. మే నుంచి సెప్టెంబర్ దాకా వెళ్తే మేలు. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం ఆలస్యంగా మొదలుపెట్టినా ఆట పూర్తవుతుంది. చలికాలంలో చవగ్గా దొరికినా నేల తడిసి బురదగా ఉంటుంది, అంత దూరం నుంచి వెళ్లేవాళ్లకి నేనైతే వద్దంటాను.

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా నేరుగా బర్మింగ్‌హామ్‌లోనే దిగొచ్చు, లండన్ చుట్టూ తిరగక్కర్లేదు. ఎయిర్‌పోర్ట్ నుంచి కారులో అరగంట కూడా పట్టదు. క్లబ్బులు మోసుకెళ్లాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఒక్క రౌండ్ కోసమైతే అక్కడే అద్దెకి తీసుకోండి, ఎడమచేతి వాటం వాళ్లు ముందే చెప్పి పెట్టాలి. మోసుకెళ్తే డ్రైవర్ తలకాయ విప్పి బట్టల్లో చుట్టండి, దూరం చూసే రేంజ్‌ఫైండర్ బ్యాటరీతో పాటు చేతిసంచిలో పెట్టుకోండి. కాలర్ ఉన్న టీషర్ట్, జీన్స్ కాని ప్యాంటు, మెత్తటి స్పైకుల బూట్లు ఎలాగూ ఉంటాయి. వానకి తట్టుకునే జాకెట్, ఇంకో జత గ్లవ్స్, ఒక తువ్వాలు మాత్రం జూలై అయినా సరే మర్చిపోకండి.

హ్యాండిక్యాప్ సంగతి, అంటే ఆటగాడి స్థాయిని బట్టి స్కోరులో ఇచ్చే రాయితీ. ఇప్పుడు మనదీ వాళ్లదీ ఒకే ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతే, కాబట్టి మీ ఇండెక్స్ (మీ స్థాయిని చూపే అంకె) అక్కడా చెల్లుతుంది, ఫోన్‌లో కనిపించేలా ఉంచుకుంటే చాలు. కానీ ఇండెక్స్ ఉన్నదున్నట్టు వాడరు. దాన్ని మీరు ఆడే టీ (ఆట మొదలుపెట్టే చోటు) కష్టాన్ని చూపే స్లోప్ అంకెతో గుణించి 113తో భాగిస్తారు. మాటవరసకి మీ ఇండెక్స్ 18, స్లోప్ 140 అనుకోండి, 22 పైచిలుకు వస్తుంది. దానికి కోర్సు రేటింగ్‌కీ (చేయి తిరిగిన ఆటగాడికి పట్టే షాట్లు) పార్‌కీ (కోర్సుకి నిర్ణయించిన షాట్లు) ఉన్న తేడా కలుపుతారు. అంటే కష్టమైన కోర్సు మీ స్కోరులోంచి తీసేసుకోవడానికి నాలుగు షాట్లు అదనంగా ఇస్తోందన్నమాట, మొహమాటపడకుండా తీసుకోండి. టీ ఎంచుకునేటప్పుడు మాత్రం పౌరుషానికి పోకండి. వెనక టీల నుంచి బ్రబజోన్ 7,200 గజాలు దాటుతుంది, అది మనం టీవీలో చూసే ఆటగాళ్ల కోసం.

ఇక గడ్డి. మన బెర్ముడా గడ్డి మీద బంతి పైకి కూర్చుంటుంది, ఎండిన ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి) మీద ఇంకో పాతిక గజాలు దొర్లుతుంది కూడా. అక్కడి రై, బెంట్ గడ్డి మెత్తన, నేల తడి. బంతి పడ్డచోటే ఆగిపోతుంది, చలికి గాల్లో దూరం కూడా తగ్గుతుంది. కాబట్టి ఇంటి దగ్గర 150 గజాలకి ఏది కొడతారో దానికన్నా ఒక క్లబ్ పెద్దది తీసుకోండి. రఫ్‌లో పడితే తడిగడ్డి క్లబ్ మెడని చుట్టేసుకుంటుంది, అక్కడ దూరం కొట్టే హైబ్రిడ్ క్లబ్‌తో వీరోచితాలు వద్దు, బంతిని పైకి లేపే వెడ్జ్‌తో పక్కకి తీసుకొచ్చి మళ్లీ మొదలుపెట్టండి. టైముంటే ముందురోజు డెర్బీ కోర్సు ఆడితే ఈ గడ్డి అలవాటవుతుంది.

ఆటరోజు గంట ముందు చేరండి. ప్రాక్టీస్ రేంజ్ మీద వంద బంతులు కొట్టి అలిసిపోకుండా ప్రాక్టీస్ గ్రీన్ మీద ఎక్కువసేపు గడపండి, అది కూడా చిన్న పుట్లు కాదు, ముప్పై అడుగులవి, వేగం తెలియడానికి. ప్రో షాప్‌లో ఆరోజు పిన్నులు (గ్రీన్ల మీది జెండాలు) ఎక్కడున్నాయో అడిగి తెలుసుకోండి. బగ్గీ కన్నా ట్రాలీ నయం, నడిస్తేనే కోర్సు కనిపిస్తుంది. ఒంటరిగా వెళ్తే తెలియనివాళ్లతో కలుపుతారు. అక్కడ మర్యాదంతా రెండు విషయాల్లో ఉంటుంది: ఆలస్యం చెయ్యకపోవడం, కోర్సుకి చేసిన గాయం సరిచెయ్యడం. బంతి వెతకడానికి మూడు నిమిషాలే, అనుమానం ఉంటే వెతకడానికి బయల్దేరకముందే ప్రొవిజనల్ (ముందుజాగ్రత్తగా ఇంకో బంతి) కొట్టేయండి. లేచిన మట్టిపెళ్ల తెచ్చి పెట్టి కాలితో నొక్కాలి, బంకర్ (ఇసుక గుంట) లోంచి వచ్చాక రేక్‌తో ఇసుక చదును చెయ్యాలి. గ్రీన్ మీద బంతి పడ్డ గుంటని పూడ్చేటప్పుడు ఫోర్కుతో మధ్యలోంచి పైకి లేపకండి, వేర్లు తెగిపోతాయి. అంచుల్లో గుచ్చి గడ్డిని నాలుగువైపుల నుంచీ లోపలికి నెట్టి, పైన పుటర్‌తో (పుట్టింగ్ చేసే క్లబ్) మెల్లగా తట్టాలి. మన దగ్గర క్యాడీలు వంగి చేసేది ఇదే, ఎప్పుడైనా గమనించారో లేదో.

హోల్స్ అన్నీ చెప్పను, రెండు చాలు. పదోది మూడొందల గజాలు దాటిన చిన్న పార్ నాలుగు (నాలుగు షాట్లు నిర్ణయించిన హోల్), గ్రీన్ ముందు నీళ్లు, వెనకా పక్కనా చెట్లు. 1978లో స్పెయిన్ ఆటగాడు సెవె బయెస్టెరోస్ టీ మీంచి నేరుగా గ్రీన్ మీదికే కొట్టాడు, అప్పట్నుంచి వచ్చిన ప్రతివాడికీ అదే దురద. మీరూ కొట్టండి, ఎన్నోసార్లు వచ్చే ఛాన్స్ కాదుగా, కానీ స్కోరుకి లెక్కపెట్టే బంతితో మాత్రం ఐరన్‌తో ముందు ఫెయిర్‌వే మీద పెట్టి తర్వాత వెడ్జ్‌తో నీళ్లు దాటించండి. వెనక గుంపు కాసుకుని ఉంటే ఆ సరదా మానుకోండి.

పద్దెనిమిదోది ఎడమకి తిరుగుతుంది, నీళ్లని రెండుసార్లు దాటాలి. ఎంత మూల కోస్తే రెండో దెబ్బ అంత దగ్గరవుతుంది, కోయలేకపోతే నీళ్లపాలే. 1989 రైడర్ కప్ చివరిరోజు అమెరికా జట్టులోని పేన్ స్టివర్ట్, కాల్కవేకియా లాంటివాళ్లే ఇక్కడ చెరువులో కొట్టారు, అదే రోజు యూరప్ జట్టు ఆటగాడు క్రిస్టీ ఓకానర్ జూనియర్ 229 గజాల నుంచి టూ ఐరన్‌తో జెండాకి నాలుగడుగుల్లో ఆపాడు. మనలాంటివాళ్లం కుడివైపు ఫెయిర్‌వే మధ్యకి కొట్టి, రెండో దెబ్బ నీళ్లకి ఇవతలే ఆపి, మూడోదానితో గ్రీన్ ఎక్కితే చాలు. గ్రీన్ మూడు మెట్లుగా ఉంటుంది. పొద్దున ప్రో షాప్‌లో అడిగిన పిన్ సంగతి ఇక్కడ పనికొస్తుంది, తప్పు మెట్టు మీద పడితే మూడు పుట్లు ఖాయం.

అయ్యాక టోపీ తీసి అందరికీ చెయ్యి కలపండి, బూట్ల బురద దులుపుకునే లోపలికి వెళ్లండి. ఈ రౌండ్ మీ ఇండెక్స్‌కి ఎక్కాలంటే మాత్రం తోటి ఆటగాడితో కార్డు మీద సంతకం పెట్టించుకుని, మీరు ఆడిన టీ రంగు, రేటింగ్, స్లోప్ అంకెలు కనిపించేలా అక్కడే ఫోటో తీసి పెట్టుకోండి, ఊరొచ్చాక మీ క్లబ్ వాళ్లు మొదట అడిగేవి అవే.