పొయ్యి ఆపినా పోపు మాడేది ఎందుకంటే

పోపు మాడితే నూనెనే తిట్టుకుంటాం గానీ, అసలు సంగతి గరిటెలో ఉంది. రెండు టేబుల్ స్పూన్ల నూనె సుమారు 27 గ్రాములు. దాని విశిష్టోష్ణం, అంటే ఒక గ్రామును ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వేడి, దాదాపు 2 జౌళ్లు (జౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం). అంటే ఆ నూనె మొత్తం ఒక్క డిగ్రీ వేడెక్కడానికి 54 జౌళ్లు చాలు. 300 గ్రాముల ఇనుప పోపు గరిటెకు 0.45 చొప్పున 135 జౌళ్లు కావాలి. ఇనుము విశిష్టోష్ణం తక్కువే, కానీ బరువు ఎక్కువ. కాబట్టి గరిటె దాచుకున్న వేడి నూనెలోని వేడికి రెండు రెట్లు పైనే. మంట ఆపాక కూడా ఆ వేడే మినపప్పును, వెల్లుల్లిని నల్లగా మార్చేస్తుంది.

ఆవాలు చిటపటలాడి, మినపప్పు లేత బంగారు రంగుకు రాగానే పొయ్యి కట్టేయండి. పూర్తిగా ఎర్రబడేదాకా ఆగొద్దు, మిగతా రంగు గరిటె వేడికే వస్తుంది. ఎండుమిర్చి, ఇంగువ, తడి తుడిచిన కరివేపాకు ఆ తర్వాతే. వెంటనే పప్పులో గుమ్మరించండి.

పప్పులో ఎక్కువ భాగం నీళ్లే. నీటి విశిష్టోష్ణం 4.18. అందుకే 80 డిగ్రీల కిలో పప్పులో 180 డిగ్రీల నూనె పడితే పప్పు వేడి ఒకటిన్నర డిగ్రీ కూడా పెరగదు, పోపు మాత్రం అక్కడికక్కడే చల్లారి మాడడం ఆగిపోతుంది. పోపు పొడిగా కలిపే పులిహోరకైతే అన్నం అంత త్వరగా వేడి లాగదు, మంట ఇంకాస్త ముందే ఆపాలి. పలచటి స్టీలు గరిటెలో ఈ బెడద తక్కువ.