లైసెన్స్ తుపాకీతో పెళ్లికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ముహూర్తాలు దగ్గర పడ్డాయి. ఆత్మరక్షణకు లైసెన్స్ తీసుకున్నవాళ్లు బయల్దేరే ముందు:

గాల్లోకి కాల్పులు వద్దే వద్దు. 2019 సవరణ తర్వాత ఆయుధ చట్టంలో దీనికి ప్రత్యేకంగా శిక్ష ఉంది. సంబరాల్లో ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చేలా కాలిస్తే 2 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. సొంత హాలు కదా అంటే కుదరదు. పైకెళ్లిన తూటా ఎక్కడో ఒకచోట పడాల్సిందే, అక్కడ మేడ మీద ఎవరి బిడ్డో నిలబడి ఉండొచ్చు.

మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీసినంత మాత్రాన పిస్టల్ ఖాళీ అయినట్టు కాదు. ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోట) ఒక తూటా మిగిలే ప్రమాదం ఉంది. ముందు మ్యాగజైన్ తీయండి, తర్వాత స్లైడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి వెలుతురులో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. అంతసేపూ గొట్టం మనుషులు లేని వైపే ఉండాలి.

బయటికి కనపడనివ్వకండి. బహిరంగ స్థలాల్లో హోల్‌స్టర్‌లోనో బ్యాగులోనో పూర్తిగా కప్పి, మీ అదుపులో ఉంచుకోవాలని 2016 ఆయుధ నియమాలు చెబుతున్నాయి.

లైసెన్స్ ఏ ప్రాంతం వరకు చెల్లుతుందో చదవండి. పెళ్లి పక్క రాష్ట్రంలో అయితే ఇది మరీ ముఖ్యం.

ఫొటో కోసమని బావమరిది అడిగినా చేతికివ్వకండి.

పెళ్లివారికి ముందే ఫోన్ చేసి అడగండి. వద్దంటే ఇంట్లోనే తాళం వేసి పెట్టండి, కారులో వదిలేయకండి. మందు తాగే ఉద్దేశం ఉన్నా అంతే.