బ్యూర్ వ్యాలీ చిన్న రైలు ఎక్కి రావడం ఎలా?

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఇంగ్లండ్‌లో ఎక్కడికి తీసుకెళ్లాలని అడిగితే నేను ముందు చెప్పేది నార్ఫోక్‌లోని ఈ రైలు పేరే. రాక్సమ్ నుంచి ఎయిల్షమ్ దాకా 1880లో వేసిన బ్రాంచి లైను ఇది. 1952లో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, 1982లో గూడ్సు బండ్లు కూడా. ఆ కట్ట మీదే 1990లో 15 అంగుళాల గేజితో (అంటే రెండు పట్టాల మధ్య దూరం అంతే) చిన్న రైలు మొదలైంది. మూరెడు వెడల్పు కూడా లేని పట్టాల మీద అసలైన ఆవిరి ఇంజిను 9 మైళ్లు లాక్కెళ్తుంది!

1. ముందు టైంటేబుల్ చూడండి. చలికాలంలో చాలా రోజులు బండి ఉండదు. డీజిల్ ఇంజిన్లు కూడా ఉన్నాయి కాబట్టి, ఆ రోజు ఆవిరి బండేనా అని అడిగి మరీ వెళ్లండి.

2. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి నారిచ్‌కు సుమారు రెండు గంటలు. అక్కడ షెరింగ్‌హామ్ బండికి మారి, పావుగంటలో హోవ్టన్ అండ్ రాక్సమ్‌లో దిగాలి. చిన్న రైలు స్టేషన్ పక్కనే. రాక్సమ్‌లో పడవ షికారు కూడా కావాలంటే కారులో నేరుగా ఎయిల్షమ్ వెళ్లి అక్కడే ఎక్కండి, రెండూ కలిపిన టికెట్ దొరుకుతుంది.

3. పది నిమిషాలు ముందే వెళ్లి ఇంజిను దగ్గర నిలబడండి. వేడి మొహానికి తగులుతుంది, కాగిన నూనె వాసన వస్తుంది. దాని మీద 'బ్లిక్లింగ్ హాల్' అనో 'స్పిట్‌ఫైర్' అనో పేరుంటే చక్రాలు లెక్కపెట్టండి: ముందు రెండు, మధ్యలో ఆరు పెద్దవి, వెనక రెండు. మన ఇండియన్ రైల్వేస్ నారోగేజ్ జెడ్‌బీ రకం ఇంజిన్ల నమూనాలో 1994లో తయారైనవి ఇవి. మా నాన్న చిన్నప్పుడు నౌపడ నుంచి గుణుపురం వెళ్లే చిన్న రైలు ఎక్కారు. 2004లో దాన్ని ఆపేసి, ఆ తర్వాత బ్రాడ్‌గేజికి మార్చారు. ఇక్కడి పట్టాలు చూసి "మన బండి దీనికి రెండింతలు ఉండేదిరా" అన్నారు. లెక్క చూస్తే అది 30 అంగుళాలు, సరిగ్గా రెట్టింపు.

4. తల వంచి పెట్టెలోకి ఎక్కండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు చెయ్యి అందించండి. బండి కదిలాక కిటికీలోంచి పట్టాల పక్కకే చూడండి. కట్ట కట్టింది పెద్ద రైలు కోసం కదా, చిన్న రైలుకు అందులో కొంత జాగా చాలింది. మిగిలిన జాగాలో నడకదారి, సైకిల్ దారి వేశారు. మూతపడ్డ లైనును ఇంత చక్కగా వాడుకోవచ్చని నేను అక్కడే చూశాను. ఎయిల్షమ్ చేరేముందు బైపాస్ రోడ్డు కింద సొరంగం వస్తుంది, పిల్లలకు ముందే చెప్పండి. మొత్తం ముప్పావుగంట.

5. ఎయిల్షమ్‌లో దిగగానే ఆఖరి బండి ఎన్నింటికో కనుక్కోండి. ఓపికుంటే తిరిగొచ్చేటప్పుడు కోల్టిషాల్‌లో దిగుతామని గార్డుకు ముందే చెప్పి, అక్కడి నుంచి రాక్సమ్‌కు పట్టాల పక్కనున్న నడకదారి వెంట నడిచి రండి.