పికప్ బండికి సెల్ఫ్ తిరగకపోతే: బ్యాటరీ మార్చే ముందు ఎర్త్ వైరు చూడండి

తాళం తిప్పగానే సెల్ఫ్ మోటారు దగ్గర ‘టక్’మని శబ్దం వచ్చి ఆగిపోవడం, లేదా ఇంజన్ బరువుగా రెండు చుట్లు తిరిగి మొరాయించడం డీజిల్ పికప్‌లలో తరచుగా వచ్చే సమస్య. చాలామంది నేరుగా బ్యాటరీ దుకాణానికి వెళతారు. కొత్త బ్యాటరీతో కొన్నాళ్లు బండి బాగానే లేస్తుంది. ఆ తరువాత మళ్లీ అదే ‘టక్’ మొదలవుతుంది.

మొదట చూడవలసినవి

రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ మీద మీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2కు తగ్గితే ఛార్జి దాదాపు సగమే ఉన్నట్లు. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 వరకు రాకపోతే డైనమో, దాని బెల్టు చూడాలి. టెర్మినల్ క్లాంపు చేతితో తిప్పితే కదలకూడదు. దాని చుట్టూ పేరుకున్న పొడిని వేడినీళ్లతో కడిగి, ఆరాక బిగించాలి. పది నిమిషాలైనా పట్టని ఈ పని మానేసి సెల్ఫ్ విప్పించుకున్న వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ ఖర్చు బండి మీద బతికే కుటుంబానిది.

దొరకకుండా తిప్పించే కారణం

ఇవన్నీ సరిగా ఉన్నా సెల్ఫ్ తిరగకపోతే ఎర్త్ వైరును, అంటే ఇంజన్‌నూ ఛాసిస్‌నూ (బండి చట్రాన్ని) బ్యాటరీ నెగటివ్‌కు కలిపే వైరును, అనుమానించాలి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కనుక ఛాసిస్‌తో దానికి నమ్మదగిన లోహపు అతుకు ఉండదు. సెల్ఫ్ లాగిన కరెంటు అంతా బ్యాటరీకి తిరిగి రావడానికి ఆ ఒక్క వైరే దారి. ఆ దారిలో 0.01 ఓమ్ నిరోధం చేరినా, 200 ఆంపియర్లు పారేటప్పుడు 2 వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి.

భీమవరం వైపు రొయ్యలు తోలే ఒక పికప్‌కు ఈ సంగతి గ్రహించక రెండు బ్యాటరీలు, ఒక సెల్ఫ్ మోటారు మార్పించాను. మీటరును కంటిన్యుటీలో (వైరు తెగిందో లేదో చూపే అమరికలో) పెట్టి ఎర్త్ వైరు చూస్తే ‘బీప్’మనేది, అందువల్ల దాన్ని బాగున్నట్లే లెక్కేశాను. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు మోగుతుందనీ, ఆ ఒక్క పోగు సెల్ఫ్ లాగే కరెంటును మోయలేదనీ అప్పుడు తట్టలేదు. చివరకు సెల్ఫ్ కొట్టిస్తూ యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకుంటే వేడిగా తగిలింది; అసలు దారి మూసుకుపోయి కరెంటు ఆ సన్నని తీగ గుండా తిరిగి వస్తోంది. ఛాసిస్ బోల్టు విప్పి చూస్తే, పెట్టెల నుంచి కారిన ఉప్పునీటికి లగ్ (వైరు చివర బోల్టుకు బిగించే లోహపు ముక్క) కింద తుప్పు పొరలు కట్టింది, తొడుగు లోపలి రాగి పోగులు పచ్చబడి వేలితో నలిపితే పొడిగా రాలాయి. పైనుంచి చూస్తే మాత్రం వైరు కొత్తదానిలాగే ఉంది.

అందుకే పరీక్ష సెల్ఫ్ కరెంటు లాగుతున్నప్పుడే చేయాలి. బండిని న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, ఎర్ర ముల్లును ఇంజన్ మీద రంగు లేని లోహానికి, నల్ల ముల్లును నెగటివ్ టెర్మినల్ సీసపు దిమ్మకే (క్లాంపుకు కాదు) ఆనించి, మరొకరితో తాళం తిప్పించండి. 0.2, 0.3 వోల్టుల లోపు ఉంటే సరే; 0.5 దాటితే ఎర్త్ చెడినట్లే. మీటరు లేకపోతే, జంపర్ కేబుల్‌ను నెగటివ్ టెర్మినల్ నుంచి నేరుగా ఇంజన్‌కు తగిలించి తాళం తిప్పండి. సెల్ఫ్ గట్టిగా తిరిగితే దోషం ఎర్త్‌దే.

బాగు చేసేటప్పుడు ముందుగా బ్యాటరీ నెగటివ్ క్లాంపు విప్పాలి, దాన్ని అన్నిటికన్నా చివర బిగించాలి. లగ్‌నూ, అది కూర్చునే చోటునూ లోహం మెరిసే వరకు ఎమరీ కాగితంతో రుద్ది, రంగు మీద కాక లోహం మీదే బిగించి, ఆ పైన గ్రీజు పూయాలి. పోగులు పచ్చబడిన వైరును శుభ్రం చేసి లాభం లేదు, అదే మందం గల కొత్తది వేయాలి. తరువాత అదే పరీక్ష మళ్లీ చేసి అంకె తగ్గిందని కళ్లారా చూశాకే బండి రోడ్డెక్కించండి.

ఎర్త్ బాగుందని తేలాకే సెల్ఫ్ సాలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే స్విచ్చి), మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లు చూడాలి. ఫ్లైవీల్ పళ్లు అరగడం, ఇంజన్ పట్టేయడం అరుదు. వాటి సంగతి మెకానిక్‌కు వదిలేయండి.