వాడిన తెరచాప పడవ అమ్మడం, 4వ పాఠం: ఆ నీళ్లు ఎక్కడివి?

ఈసారి పడవ చూపించడం గురించి చెప్పుకోవాలి. కానీ ముందు పోయిన పాఠం తెచ్చిన తలనొప్పి తీరాలి. లోపాలు దాచకండి, ప్రకటనలోనే రాసేయండి అన్నాను. రాశారు. ఎలాగంటే, "కొంచెం లీకేజీ ఉంది, మిగతాదంతా సూపర్ కండిషన్". దాంతో ఫోన్లు ఆగిపోయాయట. ఆగవా మరి? మీ పడవ కొచ్చిలో, బోల్గాట్టి మెరీనాలో ఉంది. కొనేవాడు కొంపల్లిలో ఉన్నాడు. ఆ ఒక్క ముక్క చదివి విమానం టికెట్ కొనుక్కుని వస్తాడా? నిజం చెప్పమన్నాను గానీ సగంలో ఆపమనలేదు.

ఫైబర్‌గ్లాస్ పడవలోకి నీళ్లు రావడానికి బోలెడు దారులు. కొన్నిటివల్ల రేటు పైసా తగ్గక్కర్లేదు. కొన్ని బేరాన్నే ముంచుతాయి.

ఇంజన్ షాఫ్ట్ బయటికి వెళ్లే చోట పాతకాలపు స్టఫింగ్ బాక్స్ (షాఫ్ట్ పక్కనుంచి నీళ్లు లోపలికి రాకుండా ప్యాకింగ్ కూరిన బిరడా) ఉంటే, షాఫ్ట్ తిరుగుతున్నంతసేపూ నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి. దాని తయారీయే అంత, ఆ తడే లోపలి ప్యాకింగ్‌ని చల్లగా ఉంచుతుంది. ఇంజన్ ఆపాక కూడా ధార కడుతుంటే నట్ కాస్త బిగించాలి, లేదంటే ప్యాకింగ్ మార్చాలి. అంతే. దీన్ని లోపమని రాసి రేటు తగ్గించుకున్నవాళ్లున్నారు. "చుక్క కూడా కారకుండా బిగించేశా" అని గొప్పగా రాసుకున్న పెద్దమనిషీ ఉన్నారు. అయ్యా, అలా బిగిస్తే షాఫ్ట్ వేడెక్కి అరిగిపోతుంది. తెలిసినవాడు ఆ వాక్యం చదవగానే ఇంకేమేం పాడుచేశారోనని వెనక్కి తగ్గుతాడు.

రెండోది డెక్, అంటే పడవ పైతలం. కిటికీ అంచులు, రెయిలింగ్ బోల్టులు, మాస్ట్‌ని, అంటే తెరచాప స్తంభాన్ని, పట్టి ఉంచే తీగలు తగిలించే చైన్‌ప్లేట్లు. ఇవి వానకు కారతాయి. కారితే కారాయి, విప్పి సీలెంట్ మార్చుకోవచ్చు. కాకపోతే చాలా పడవల్లో డెక్ పొరల మధ్య బాల్సా చెక్క ఉంటుంది, అది నానితే కుళ్లుతుంది. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో అంగుళం అంగుళం తట్టి చూడండి. గట్టి చోట టక్కుమంటుంది, కుళ్లిన చోట డబ్బుమని బోలుగా మోగుతుంది. మీరు తట్టకపోతే, కొనేవాడి తరపున పడవని పరీక్షించే సర్వేయరు తడతాడు.

మూడోది కీల్, అంటే పడవ అడుగున ఉండే బరువైన రెక్క. అది హల్‌కి, అంటే పడవ ఒంటికి, కలిసే చోట తడి ఉన్నా, కీల్ బోల్టుల చుట్టూ తుప్పు నీళ్లు కనిపించినా ప్రకటన ఈరోజే తీసేయండి. పడవని ఒడ్డుకెక్కించి బాగుచేయించండి, లేదా ఆ పనికి కొటేషన్ తెచ్చి అది చూపించే బేరం మొదలుపెట్టండి.

ఇక దారి పట్టుకోవడం. బిల్జిని, అంటే పడవ లోపల నీళ్లు చేరే అట్టడుగుని, పొడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనిచ్చి, టాల్కం పౌడర్ పల్చగా చల్లి, రాత్రంతా వదిలేయండి. నీళ్లు వచ్చిన దారి పొద్దున పౌడర్ మీద గీతలా కనిపిస్తుంది. ఆ గీత వెంట పైకి పోవడమే. అడుగున మడుగులోది కాకుండా అప్పుడే కారుతున్న చుక్కని నాలుకకి తగిలిస్తే సముద్రమో, వానో, మంచినీళ్ల ట్యాంకో తేలిపోతుంది. హుస్సేన్ సాగర్‌లో తేలే పడవైతే ఈ పరీక్ష వద్దు, మహాప్రభో.

ట్రెయిలర్ మీద, ఇంటి ఆవరణలో టార్పాలిన్ కింద ఉన్న పడవకి హోస్ పైపు చాలు. కింది ఫిటింగుల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాలి, ఒక్కోదాని మీద పది నిమిషాలు. లోపల టార్చితో ఒక మనిషి కూర్చోవాలి. ముందే పైనుంచి కొడితే నీళ్లన్నీ కిందికి జారి, కారిందెక్కడో తెలియదు. హైదరాబాద్‌లో ఈ పడవలకో సుఖముంది: కొనేవాడు కీల్ అడుగుదాకా కూర్చుని చూసుకోవచ్చు, క్రేన్ ఖర్చు లేదు. ప్రకటనలో ఆ సంగతి ఒక్కరూ రాయలేదు!

రాయాల్సిన తీరు ఇదీ: "కుడివైపు ముందు కిటికీ కింది మూల వానకు కారేది. మార్చిలో విప్పి సీలెంట్ మార్చాను. జులై వానల్లో పొడిగానే ఉంది. విప్పినప్పటి ఫొటోలున్నాయి." ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశారు, ఇప్పుడెలా ఉంది. ఫొటోలంటే గుర్తొచ్చింది, బుద్ధవిగ్రహం వెనక సూర్యాస్తమయాలు తగ్గించి బిల్జి ఫొటో పెట్టండి. నేనైతే అదే మొదటి ఫొటోగా పెడతాను.

కాగితాల సంగతి మీకు తెలిసిందే. దిగుమతి పడవైతే కస్టమ్స్ సుంకం కట్టిన బిల్ ఆఫ్ ఎంట్రీ ముందే తీసి ఉంచండి.

ఈలోగా ఎవరైనా ప్లాటుకి ఇచ్చినట్టు టోకెన్ చేతిలో పెట్టబోతే పుచ్చుకోకండి. ధర, పది శాతం అడ్వాన్సు, సర్వే ఖర్చూ ఒడ్డుకెక్కించే ఖర్చూ కొనేవాడివి, సర్వేలో తేడా వస్తే అడ్వాన్సు వాపసు: ఇవన్నీ కాగితం మీద పెట్టాకే డబ్బు. కొనేవాణ్ని పడవలో షికారు తిప్పడం కూడా ఆ తర్వాతే. ఎలా రాసుకోవాలో 5వ పాఠంలో.

అభ్యాసం: పౌడర్ పరీక్ష మూడుసార్లు చేయండి. ఒకసారి పడవ కదలకుండా, ఒకసారి గంటసేపు ఇంజన్ నడిపి, ఒకసారి గట్టి గాలిలో పడవ పక్కకి ఒరిగేలా తెరచాపలతో తిప్పి. ప్రతిసారీ బిల్జి మళ్లీ తుడిచి ఆరబెట్టాల్సిందే. కనిపించిన ప్రతి గీతకీ పై పద్ధతిలో నాలుగు వాక్యాలు రాయండి. "కొంచెం", "సూపర్" ఉన్న వాక్యాలు కొట్టేసి మళ్లీ రాయండి.